సింగపూర్‌లో మనవాళ్ళు: రెండు ఆవకాయ డబ్బాలు, మూడు పాసులు

విశాఖ నుంచి సింగపూర్ వెళ్ళే విమానం రాత్రిపూట బయల్దేరుతుంది. నాలుగు గంటల ప్రయాణమే గానీ, గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి కాబట్టి దిగేసరికి అక్కడ తెల్లారిపోతుంది. చెకిన్ లైన్లో ఓ అరగంట నిలబడితే ఎవరెందుకు వెళ్తున్నారో సామాను చూసి చెప్పేయొచ్చు. కొత్త ట్రాలీ సూట్‌కేసు, చీర మీద స్వెట్టరు, చేతిలో మందుల సంచీ ఉంటే కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వెళ్తున్న అమ్మానాన్నలు. తాడుతో బిగించి కట్టిన బ్యాగు, ప్లాస్టిక్ కవరులో కాగితాలు, ఆ కాగితాల్ని పది నిమిషాలకోసారి తీసి చూసుకోవడం ఉంటే పనికి వెళ్తున్న కుర్రాడు.

నా సూట్‌కేసులో రెండు డబ్బాలున్నాయి. ఒకటి మా అక్క తన కొడుక్కి పంపింది. రెండోది గాజువాకలో మేము పదేళ్ళు అద్దెకున్న ఇంటి పక్కవాళ్ళది. వాళ్ళబ్బాయి సింగపూర్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పైపు ఫిట్టరు. రెండింట్లోనూ ఉన్నవి అవే: ఆవకాయ, కందిపొడి, మాడుగుల హల్వా. ఆ కుర్రాడు ఫోన్ చేసి నాలుగు ఖైనీ ప్యాకెట్లు కూడా పడేయమన్నాడు. నమిలే పొగాకు ఆ దేశంలో నిషేధం. పట్టుబడితే నిలబడాల్సింది నేను. పెట్టలేదు.

అక్క డబ్బా చాంగీ ఎయిర్‌పోర్టులోనే చేరిపోయింది. మేనల్లుడు భార్యతో, రెండేళ్ళ పాపతో వచ్చి, నా చేతిలోంచి సూట్‌కేసు లాక్కుని, "మావయ్యా, అమ్మ హల్వా పంపిందా?" అన్నాడు. రెండో డబ్బా వాళ్ళింట్లో ఫ్రిజ్ పక్కన తొమ్మిది రోజులు ఉండిపోయింది. ఆ కుర్రాడు ఉండేది ఆ ఊళ్ళోనే. మేనల్లుడి ఇల్లు ఈశాన్యాన పుంగోల్‌లో, కుర్రాడి బస పడమటి కొసన తువాస్‌లో. విశాఖ నుంచి అనకాపల్లికి ఎంత దూరమో, అటూ ఇటుగా అంతే. మొదటి ఆదివారం వాడికి ఓటీ, అంటే ఓవర్‌టైము, పడింది. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిదికి గాని బసకు చేరడు, తెల్లవారుజామున అయిదింటికల్లా లారీ ఎక్కాలి. నన్ను వాడి గదికి రమ్మనడానికి వీల్లేదు. వాడు రావాలంటే ఆదివారమే కావాలి.

ఈ తొమ్మిది రోజుల ఆలస్యం ఎక్కడిదో ఆరా తీస్తూ పోతే, మనం విశాఖలో కూర్చుని తేలిగ్గా అనేసే "సింగపూర్ జాబ్" అనే మాట కింద మూడు వేర్వేరు బతుకులు ఉన్నాయని తెలిసింది.

సింగపూర్ జనాభా 2024లో 60.4 లక్షలు. అందులో పౌరసత్వం గాని, శాశ్వత నివాసం గాని లేకుండా ఉన్నవాళ్ళు 18.6 లక్షలు. అంటే వీధిలో పదిమంది ఎదురైతే ముగ్గురు బయటివాళ్ళే. అంతమందిని పెట్టుకుని నడవాలంటే ఎవరెవరికి ఏమేం చెల్లుతుందో ఎక్కడో రాసి ఉండాలి కదా. అది రాసి ఉన్నది పాసు మీద, అంటే అక్కడ ఉండటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి మీద. పని చేయడానికి వచ్చినవాళ్ళకి ముఖ్యంగా మూడు పాసులు: ఎంప్లాయ్‌మెంట్ పాసు, ఎస్ పాసు, వర్క్ పర్మిట్. మనవాళ్ళు మాటల్లో ఈపీ, ఎస్పాసు, పర్మిట్ అంటారు. "ఆయన ఈపీయా?" అని అడుగుతారు, మన దగ్గర "గవర్నమెంటా, ప్రైవేటా?" అని అడిగినట్టు.

ఈపీ పెద్ద ఉద్యోగాలకి. 2025 నుంచి దానికి నెలకు కనీసం 5,600 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలి, బ్యాంకులూ ఫైనాన్సు రంగంలో అయితే 6,200. వయసు పెరిగేకొద్దీ ఈ కనీస మొత్తమూ పెరుగుతుంది. నలభై అయిదేళ్ళు దాటినవాడు పాతికేళ్ళ వాడి జీతానికి ఈపీ మీద వస్తానంటే కుదరదు. పైగా 2023 సెప్టెంబరు నుంచి పాయింట్ల లెక్క వచ్చింది: జీతం, చదువు, ఆ కంపెనీలో ఇప్పటికే ఒకే దేశంవాళ్ళు ఎంతమంది ఉన్నారు, స్థానికులు ఎంతమంది ఉన్నారు. మనవాళ్ళే నిండిపోయిన ఆఫీసులో ఇంకో మనవాడికి పాయింట్లు తగ్గుతాయి. మేనల్లుడి దిగులు అదే.

ఎస్ పాసు మధ్యస్తం: టెక్నీషియన్లు, సూపర్‌వైజర్లు. 2025 సెప్టెంబరు నుంచి కనీస జీతం 3,300 డాలర్లు. కంపెనీకి కోటా ఉంటుంది, ఒక్కో మనిషికి నెలకు 650 డాలర్ల లెవీ కూడా ఉంటుంది. లెవీ అంటే విదేశీ పనివాణ్ణి పెట్టుకున్నందుకు యజమాని ప్రభుత్వానికి కట్టే పన్ను. ఈపీకి కోటా లేదు, లెవీ లేదు.

ఇక వర్క్ పర్మిట్. కట్టడాలు, షిప్‌యార్డులు, ఫ్యాక్టరీలు, ఇళ్ళలో పని, అన్నీ దీని కిందే. దీనికి కనీస జీతమంటూ చట్టంలో లేదు.

జీతం తేడా ఉంటే ఉండనీ, అది ఎక్కడైనా ఉండేదే. నన్ను ఆపింది మిగతా సంగతులు. భార్యనూ పిల్లల్నీ తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 6,000 డాలర్ల స్థిర జీతం ఉన్న ఈపీ గాని, ఎస్ పాసు గాని ఉండాలి. ఎస్ పాసు మీద ఆరు వేలు తెచ్చుకునేవాడు అరుదు కాబట్టి, చాలామంది సూపర్‌వైజర్లకి కుటుంబం విశాఖలోనో విజయనగరంలోనో ఉంటుంది. అమ్మానాన్నల్ని దీర్ఘకాలం పెట్టుకోవాలంటే 12,000. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఎందుకంటే కుటుంబం అనే గడే వాడి కాగితంలో లేదు. పన్నెండేళ్ళు చేసినా అంతే. ఇంకో నిబంధన విన్నాక నేను రెండోసారి అడిగి నిర్ధారించుకున్నాను: వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు అక్కడి పౌరుల్నో, శాశ్వత నివాసుల్నో పెళ్ళి చేసుకోవాలంటే ఆ దేశపు కార్మిక శాఖ అనుమతి కావాలి. పర్మిట్ రద్దయి ఇంటికి వచ్చేశాక అయినా సరే.

ఇల్లు కూడా పాసును బట్టే. సింగపూర్ జనాభాలో ఎక్కువమంది ఉండేది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాట్లలో, హెచ్‌డీబీ అంటారు. ఈపీ, ఎస్ పాసు వాళ్ళు వాటిని అద్దెకి తీసుకోవచ్చు. కట్టడాలు, షిప్‌యార్డులు, ఫ్యాక్టరీలలో పనిచేసే మన వర్క్ పర్మిట్ కుర్రాళ్ళు తీసుకోకూడదు. మలేషియావాళ్ళకి మినహాయింపు ఉంది, మనకి లేదు. కాబట్టి డార్మిటరీ, అంటే పనివాళ్ళ హాస్టలు. డార్మిటరీలు ఎక్కువగా ఊరి అంచుల్లో ఉంటాయి. అందువల్ల లారీ. సరుకు వేసే లారీ వెనక కూర్చోబెట్టి మనుషుల్ని తీసుకెళ్ళడం మీద ఆ దేశంలోనే ఏళ్ళ తరబడి వాదన నడుస్తోంది, బస్సులు పెట్టమని అడిగేవాళ్ళు పార్లమెంటులోనూ ఉన్నారు. లారీలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. నేను పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు చూశాను: అంత శుభ్రమైన రోడ్డు మీద, కార్లలో వెనక సీటువాళ్ళకి కూడా బెల్టు తప్పనిసరి అయిన దేశంలో, పన్నెండు మంది ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతూ పోతున్నారు.

2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఈ డార్మిటరీల్లోనే భగ్గుమంది. అప్పటికి వాటిలో మూడు లక్షల మందికి పైగా ఉన్నారు. ఆ తర్వాత కొత్త డార్మిటరీల్లో గదికి 12 మందికి మించకూడదని, మనిషికి 4.2 చదరపు మీటర్ల చోటు ఉండాలని నియమాలు పెట్టారు. మంచిదే. కానీ ఊరంతా మాస్కులు తీసేసి తిరుగుతున్న రోజుల్లో కూడా ఈ కుర్రాళ్ళ మీద ఆంక్షలు మిగిలే ఉన్నాయి. 2022 జూన్ నుంచి 2023 అక్టోబరు దాకా, ఆదివారాలూ సెలవు రోజుల్లో, మన దేశంవాళ్ళ పేట అయిన లిటిల్ ఇండియా లాంటి నాలుగు చోట్లకి రావాలంటే ముందుగా వేరే పాసు తీసుకోవాలి. అంటే పాసు ఉన్నవాడు బజారుకు వెళ్ళడానికి మళ్ళీ పాసు.

రెండో ఆదివారం మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో కలుద్దామన్నాడు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ముందర. 1855 నాటి గుడి అది, గోపురం దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి తప్పిపోయే భయం లేదు. మేనల్లుడు నన్ను దింపడానికి వచ్చి, కాసేపు ఉండిపోయాడు. సింగపూర్‌లో ఆరేళ్ళుగా ఉన్నాడు, ఆదివారం లిటిల్ ఇండియాకి రావడం మూడోసారట. "రష్ ఉంటుంది మావయ్యా, శనివారం రాత్రే సామాన్లు తెచ్చేసుకుంటాం" అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. అసలు రష్షంటే ఏమిటో అక్కడ చూడాలి: ఫుట్‌పాత్ మీద, గడ్డి మీద, మెట్ల మీద, డబ్బు పంపే కౌంటర్ల ముందర, వేలమంది మగవాళ్ళు. ఆడవాళ్ళు కనిపించేది దుకాణాల లోపలే. ఎవరి చేతిలోనూ గ్లాసు లేదు. 2013 డిసెంబరు 8న ఇక్కడే బస్సు కిందపడి ఒక తమిళ కార్మికుడు చనిపోతే గొడవ చెలరేగింది, వాహనాలు తగలబడ్డాయి. 2015 చట్టం తర్వాత శనివారం పొద్దుట ఏడు నుంచి సోమవారం పొద్దుట ఏడు దాకా ఈ పేటలో బహిరంగంగా తాగడం నిషేధం.

కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, చెప్పులు మాత్రం పనివి. నాకు దండం పెట్టి "బాబాయ్ బాగున్నావా" అన్నాడు. మేనల్లుణ్ణి చూసి "నమస్తే సార్" అన్నాడు. నాకు చిరాకు వేసింది. "సారేంట్రా, నీకంటే నాలుగేళ్ళు చిన్నోడు, గాజువాకలో అయితే పేరెట్టి పిలుద్దువు" అన్నాను. నవ్వాడు గానీ మళ్ళీ సార్ అనే అన్నాడు. మేనల్లుడు కూడా ఇబ్బంది పడి, ఫోన్ చూసుకుని, పాపకి నిద్ర టైమయిందని వెళ్ళిపోయాడు.

మేమిద్దరం గుడి పక్కన ఒక మెట్టు మీద కూర్చున్నాం. వాడు డబ్బా మూత తీసి ఆవకాయ వాసన చూసి మూసేశాడు. తర్వాత నేనే లెక్క అడిగాను. పోర్టులో క్లియరింగ్ ఏజెంటు దగ్గర ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, అలవాటు పోదు.

వాడి బేసిక్ రోజుకి 24 డాలర్లు. నెలకి 26 రోజులు, 624. ఓవర్‌టైముకి గంట కూలి ఒకటిన్నర రెట్లు, అంటే నాలుగున్నర డాలర్లు. చట్టం నెలకి 72 గంటల ఓటీ దాకా ఒప్పుకుంటుంది. అదంతా చేస్తే 324. మొత్తం 948. డాలరు 65 రూపాయలు వేసుకుంటే 61,000 పైచిలుకు. "నీకు అరవై వేలు జీతమా!" అని ఊళ్ళో అంటారు కదా, ఆ అరవై ఇదే. అందులో ఓటీ తీసేస్తే నలభై. తిండి, ఫోను, సబ్బులు పోను నెలకి 40,000 పంపుతాడు. ఇంట్లో ఖర్చు 15,000. మిగతా 25,000 అప్పుకి.

అప్పెంతో అడిగితే తల గోక్కున్నాడు. మూడున్నర లక్షలు. ట్రైనింగుకి, స్కిల్ టెస్టుకి కొంత, మిగతాది ఏజెంటుకి. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 25,000 చొప్పున కడితే ఆ అప్పు తీరడానికి 17 నెలలు పడుతుంది. పర్మిట్ ఇచ్చేది రెండేళ్ళకి. అంటే ఇరవై నాలుగు నెలల్లో పదిహేడు నెలలు వాడు పనిచేసింది ఆ ఉద్యోగం కొనుక్కున్న ధర కట్టడానికే. మిగిలిన ఏడు నెలలదే సంపాదన.

ఇప్పుడు లెవీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ముడి మొత్తానికి అసలు పీట అదే. కట్టడాల రంగంలో మన దేశం నుంచి వచ్చిన పనివాడి మీద యజమాని నెలకి ప్రభుత్వానికి కట్టేది, పనివాడికి ఎక్కువ నైపుణ్యం ఉంటే 500 డాలర్లు, తక్కువైతే 900. 2024 నుంచి ఇవీ రేట్లు. ఈ కుర్రాడి బేసిక్ 624 పక్కన పెట్టి చూడండి. పైపు బిగించినవాడికి ఎంతో, వాణ్ణి దేశంలో ఉండనిచ్చినందుకు ప్రభుత్వానికీ దాదాపు అంతే. ఇది కాక ఒక్కో పనివాడి పేరుమీద యజమాని 5,000 డాలర్ల పూచీ ఇవ్వాలి. వాడు చెప్పాపెట్టకుండా మాయమైతే, నిబంధనలు తప్పితే ఆ డబ్బుకి ఎసరు. లెవీ వల్ల విదేశీ కూలీలు మరీ చవగ్గా దొరకరు, స్థానికుల ఉద్యోగాలకి గండి పడదు అన్నది ప్రభుత్వ వాదన. ఆ దేశం వైపు నుంచి చూస్తే కొట్టిపారేయలేం. కానీ యజమాని వైపు నుంచి చూడండి. లెవీ తగ్గించుకోలేడు, పూచీ తప్పించుకోలేడు, టెండరు మాత్రం తక్కువకే వేయాలి. తగ్గించడానికి వాడి చేతిలో మిగిలింది పనివాడి బేసిక్ ఒక్కటే. పూచీ ఉంది కాబట్టి పనివాడు ఎక్కడికి పోతున్నాడో వెయ్యి కళ్ళతో చూస్తాడు. పనివాడికి అప్పుంది కాబట్టి ఏమన్నా కిక్కురుమనడు. నడుం నొప్పి వచ్చినా డాక్టరు రెస్టు రాస్తాడేమో, ఓటీ పోతుందేమో అని అడగడు. ఒకరి భయం ఇంకొకరి భయానికి తాళం వేసినట్టు ఉంటుంది.

కంపెనీ మారవచ్చు కదా అంటారా? పర్మిట్ నడుస్తుండగా మారాలంటే యజమాని ఒప్పుకోవాలి. గడువు ముగిసే ముందు కొద్ది రోజుల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది, కట్టడాల పనివాళ్ళు అప్పుడు యజమాని ఒప్పుకోలు లేకుండా వేరేచోటికి మారవచ్చు. ఈ సంగతి కుర్రాడికి తెలుసు. "తెలుసు బాబాయ్, కానీ కొత్త కంపెనీకి చేర్చేవోడు మళ్ళీ డబ్బడుగుతాడు" అన్నాడు.

డబ్బు ఎవడు అడగొచ్చు, ఎంత అడగొచ్చు అన్నదానికి రెండు దేశాల్లోనూ చట్టాలున్నాయి. మన దగ్గర 1983 నాటి వలస చట్టం కింద రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. సింగపూర్‌లో ఏజెన్సీ పనివాడి దగ్గర తీసుకోగలిగేది ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, మొత్తం మీద రెండు నెలలకు మించకూడదు. యజమానే ఉద్యోగం ఇచ్చినందుకు డబ్బు తీసుకుంటే అక్కడ 30,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు. కాగితం మీద చూస్తే ఇద్దరు కాపలావాళ్ళు. మరి మూడున్నర లక్షలు ఎలా పోయాయి?

కొంత మన చట్టంలోని సందు గుండా. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టుకి ఈసీఆర్ అని ఉంటుంది, అంటే వలస తనిఖీ తప్పనిసరి అని. వాళ్ళు గల్ఫ్ దేశాలు, మలేషియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే మన ప్రభుత్వ వలస అధికారి అనుమతి ఇవ్వాలి. ఒప్పందం, జీతం, ఏజెంటు ఎవరు అన్నవి అక్కడ ఒకసారి కంటపడతాయి. ఆ 18 దేశాల్లో సింగపూర్ లేదు. అది మంచి దేశం, చట్టాలు గట్టివి అన్న లెక్కన లేకపోవచ్చు. ఫలితం ఏమిటంటే, కువైట్ వెళ్ళే కుర్రాడి కాగితాలైనా ఒక అధికారి చూస్తాడు, సింగపూర్ వెళ్ళేవాడివి ఎవరూ చూడరు. మిగతా సందంతా మాట పద్ధతిలోనే ఉంది. ఏజెంటు ఎక్కడా రసీదు ఇవ్వడు. సగం నగదు, సగం ఎవరిదో బావమరిది ఫోన్‌పేకి. అడిగితే "నీ సీటు వేరేవాడికి ఇచ్చేస్తా" అంటాడు. సీటు అనే మాట కూడా వాళ్ళదే, ఇంజనీరింగ్ సీటులాగా.

వెళ్ళేవాడి చేతిలో ఉండే ఒకే ఒక్క ఆయుధం ఐపీఏ. పర్మిట్‌కి ముందుగా వచ్చే అనుమతి పత్రం అది. బేసిక్ ఎంత, అలవెన్సులెంత, కోతలెంత అన్నీ అందులో ఉంటాయి. పనివాడు బయల్దేరక ముందే దాన్ని వాడి సొంత భాషలో ఉన్న ప్రతితో సహా పంపాలన్నది అక్కడి నిబంధన. అందులో రాసిన జీతాన్ని యజమాని తన ఇష్టానికి తగ్గించకూడదు. ఈ కుర్రాడికి ఆ పత్రం అందింది విమానం ఎక్కే రోజు రాత్రి, ఎయిర్‌పోర్టు బయట టీ బండి దగ్గర. ఏజెంటు తాలూకు మనిషి ఇచ్చాడు. అప్పటికే డబ్బు మొత్తం కట్టేశాడు. బేసిక్ ఏజెంటు చెప్పినదానికంటే రోజుకి ఆరు డాలర్లు తక్కువ. "ఎక్కకపోతే అప్పెవరు తీరుస్తారు బాబాయ్?"

దీనికంటే ఘోరాలు విశాఖ చూసింది. 2024లో ఇక్కడి పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్ళి, అక్కడ గదుల్లో పెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయించారు మన కుర్రాళ్ళ చేత. దానితో పోలిస్తే నా పక్కింటి కుర్రాడు అదృష్టవంతుడే. చెప్పిన దేశానికే వెళ్ళాడు, చెప్పిన పనే చేస్తున్నాడు, జీతం నెలనెలా బ్యాంకులో పడుతోంది. వాడూ అదే అంటాడు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదని నాకు అక్కడ కూర్చునే అనిపించింది. మా తాతల కాలంలో ఉత్తరాంధ్రలో "రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కి బియ్యం మిల్లులకి, రంగూన్ రేవుకి కూలికి వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని అక్కడ కోరంగీలనేవారు, అది మర్యాదగా అనే మాట కాదు. తీసుకెళ్ళేవాడు మేస్త్రీ. ముందుగా బయానా ఇచ్చేవాడు, టికెట్టు కొనేవాడు, కూలీ డబ్బులు తన చేతి మీదుగానే ఇచ్చి అందులోంచి అప్పు కోసుకునేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని తెచ్చారు. సమ్మె అయిపోయాక వాళ్ళని పొమ్మనడంతో మొదలైన గొడవల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. జపాన్ బాంబులు పడ్డాక 1942లో లక్షల మంది భారతీయులు కాలినడకన కొండలు దాటి వచ్చారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక తిరిగొచ్చారు. కంచరపాలెం పక్కనున్న బర్మా క్యాంప్‌కి ఆ పేరు అలా వచ్చిందే. మేస్త్రీకీ ఏజెంటుకీ ఒకటే తేడా: మేస్త్రీ అప్పు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఏజెంటు మనచేత అప్పు చేయించి తీసుకెళ్తాడు. మునిగితే మేస్త్రీ డబ్బు కూడా మునిగేది.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే రెండు ఇళ్ళలోనూ అది వేర్వేరుగా తగిలింది. సింగపూర్‌కి నాలుగు అధికార భాషలు: ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. బళ్ళో ప్రతి పిల్లా ఇంగ్లీషుతో పాటు ఒక మాతృభాష చదవాలి. మన దేశంవాళ్ళకి అయితే తమిళం, లేదా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఆ జాబితాలో లేదు. మేనల్లుడి పాప బడికి వెళ్ళే రోజు వస్తే, "మాతృభాష" అనే పీరియడ్‌లో హిందీ నేర్చుకుంటుంది. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం ఉగాదీ అవీ చేస్తుంది, ఇంట్లో వాళ్ళమ్మ బాలశిక్ష కూడా తెప్పించింది. రిపోర్టు కార్డులో మాత్రం ఆ పిల్ల మాతృభాష హిందీయే.

కుర్రాడి కథ తిరగేసి ఉంది. వాడికి సైట్లో తమిళం వచ్చేసింది. ఫోర్‌మన్ తమిళాయన, గదిలో సగంమంది బంగ్లాదేశ్ వాళ్ళు. పైపుల మీద గుర్తులు ఇంగ్లీషు, తిట్లు తమిళం, వంట దగ్గర బేరాలు బెంగాలీ. తెలుగు రాత్రి పూట ఫోన్లోనే. "మా పాప నన్ను ఫోన్లో చూసి తమిళ నాన్న అంటోంది బాబాయ్, నాకు తెలీకుండానే మధ్యలో ఆమా ఆమా అంటున్నానంట."

మేనల్లుడికి మాత్రం బెంగ లేదనుకోకండి. రాత్రి పాప పడుకున్నాక వాడూ లెక్క విప్పాడు. ఉద్యోగం పోతే ఈపీ రద్దు, తర్వాత చేతిలో 30 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ దొరకాలి, వాళ్ళు మళ్ళీ అప్లై చేయాలి, పాయింట్లు రావాలి. భార్య పాసు, పాప పాసు రెండూ వీడి పాసుకి కట్టేసినవే. శాశ్వత నివాసానికి రెండుసార్లు పెట్టాడు, రెండుసార్లూ కారణం చెప్పకుండా కాదన్నారు. వచ్చినా, తర్వాత మగపిల్లాడు పుట్టి వాడికీ అది తీసుకుంటే, వాడు పద్దెనిమిదేళ్ళు దాటాక రెండేళ్ళు నేషనల్ సర్వీస్, అంటే తప్పనిసరి సైనిక సేవ, చేయాలి. పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి, రెండు పెట్టుకోవడానికి మన దేశం ఒప్పుకోదు. అయితే ఆ టెన్షన్‌కీ ఈ టెన్షన్‌కీ ఒకటే పేరు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. వీడి ముప్పై రోజుల దిగులు వీడు తన ఇంట్లో, తన వాళ్ళ పక్కన పడుకుని పడుతున్నాడు. ఆ మాట వాడికి చెప్పలేదు.

తువాస్‌లో కుర్రాడి గది నేను చూడలేదు. ఫోన్లో వీడియో చూపించాడు. పన్నెండు మంచాలు, ఒకదాని మీద ఒకటి, ప్రతి మంచానికీ ఒక చీరలాంటి గుడ్డ అడ్డంగా కట్టుకున్నారు. వాడి మంచం పైది. దిండు పక్కన కూతురి ఫోటో, సింహాచలం అప్పన్న ఫోటో, ఛార్జరు. "ఇది అమ్మకి చూపించకు బాబాయ్, ఫ్యాన్లు నాలుగున్నాయని మాత్రం చెప్పు."

వచ్చిన వారానికి గాజువాక వెళ్ళాను. వాళ్ళమ్మ ముందు డబ్బా అందిందా అని, తర్వాత చిక్కిపోయాడా అని అడిగింది. ఫ్యాన్లు నాలుగున్నాయని చెప్పాను. కోడలు లోపల్నుంచి కాఫీ తెచ్చి, అక్కడే నిలబడి, "మావయ్యగారూ, ఒక మాట" అంది. వచ్చే మార్చిలో పర్మిట్ రెన్యువల్. మళ్ళీ అదే కంపెనీ. ఏజెంటు ఫోన్ చేశాడట, రెన్యువల్‌కి లక్షన్నర సర్దమని, లేకపోతే కంపెనీ వేరేవాణ్ణి తీసుకుంటుందని. చెవి దిద్దులు, గొలుసు బ్యాంకులో పెడితే లక్షా పది వస్తాయి. మిగతా నలభై కోసం చూస్తున్నారు.

రెన్యువల్ చేసేది కంపెనీయే, అదీ ఆన్‌లైన్లో, ఏజెంటుతో పని లేదని చెప్పాను. ప్రభుత్వానికి దానికి కట్టే రుసుము ఎంతో కూడా చెప్పాను. ఆమె నమ్మలేదు. నేను పొరపాటున సున్నాలు మింగేశాననుకుంది. గోడమీది క్యాలెండరు తీసి, మార్చి నెల కాగితం వెనక రాయమంది. రాశాను: 35 డాలర్లు, కట్టాల్సింది కంపెనీ. కింద రూపాయల్లో కూడా రాయమంది. 2,275 అని రాశాను. ఆమె ఆ అంకెని ఫోటో తీసి మొగుడికి పంపింది. అక్కడ అప్పటికి రాత్రి పదకొండు దాటింది. వాడు చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.